మేకు దిగని గోడ

"నేనేం పెద్ద మొనగాణ్ణి కాదు. పాత ఇంటికి ఒక కొత్త గది కలిపాను, అంతే. ఎవడైనా కలుపుతాడు," అంటూ ఫిరంగి బాబాయ్ కుర్చీలోంచి లేచి, వీధి మలుపు వైపు ఒకసారి చూసి, మళ్ళీ కూర్చున్నాడు.

ఆయన మాట ఇంత కిందనుంచి మొదలైందంటే ఎంత పైకి పోబోతోందో వరండాలో ఉన్నవాళ్ళకి తెలుసు. ఎదురు షాపు టైలరు స్టూలు ఇంకాస్త ముందుకు జరుపుకున్నాడు. ఇప్పుడే వస్తానని కొట్లో చెప్పి వచ్చిన మందుల షాపాయన ఇక ఇప్పట్లో కదిలేది లేదన్నట్టు మెట్టు మీద చతికిలబడ్డాడు. రిటైరైన లెక్కల మాస్టారు పేపరు మడిచి చంకలో పెట్టుకున్నారు. ఆయన్ని వీధి వీధంతా ఫిరంగి బాబాయ్ అనేది ఊరికే కాదు. నోరు తెరిచాడంటే గుండు ఎక్కడ పోయి పడుతుందో పేల్చినవాడికే తెలియదు.

మేస్త్రి మాత్రం వీళ్ళలో కలవలేదు. వరండా చివర స్తంభానికి ఆనుకుని, సుత్తి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. పొద్దున్న వచ్చినప్పటినుంచి ఆయన అడుగుతున్నది ఒకటే మాట.

"గోడ కొట్టమంటారా బాబుగారూ?"

"కొడదాం, కొడదాం. తొందరేముంది?"

తొందర ఉంది. ఎంత తొందరో బాబాయ్‌కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అందుకే ఆయనకి కుర్చీలో కుదురు లేదు. కాలుకాలిన పిల్లిలా గేటు దాకా పోతాడు, తిరిగొస్తాడు, ఎప్పుడో ఖాళీ అయిన టీ గ్లాసు ఎత్తి మళ్ళీ తాగబోతాడు.

సంగతేమిటంటే, వాళ్ళక్క ఈరోజు ఆస్పత్రినుంచి ఇంటికొస్తోంది. తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆవిడే. టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం చేస్తూ, పెళ్ళి మాట ఎవరెత్తినా నవ్వేసి, ఈ ఇంటి మేడ మీద గదిలోనే ఉండిపోయింది. మొన్నామధ్య జారిపడితే తుంటి ఎముక విరిగి ఆపరేషనైంది. నిచ్చెనలా నిటారుగా ఉండే ఆ చెక్కమెట్లు ఇక ఎక్కలేదు. కింద ఉందామంటే బాత్రూము కోసం పెరట్లోకి మెట్లు దిగాలి. "కింద నాకు వీలుగా గది కట్టగలిగితే కట్టరా. లేకపోతే మొహమాటపడకు. పెద్దవాళ్ళ హోము వాళ్ళతో ఫోన్లో మాట్లాడాను, మంచం ఆపి ఉంచుతామన్నారు. ఆస్పత్రినుంచి అటే పోతాను," అంది ఆవిడ, పక్క వీధికి పోయొస్తానన్నంత తేలిగ్గా.

"హోమా! నేను బతికుండగానా? నువ్వొచ్చేసరికి గది నీకోసం తలుపు తీసుకుని నిలబడి ఉంటుంది," అన్నాడు తమ్ముడు.

అన్నట్టే కట్టాడు. ఆ మాట కాదనడానికి లేదు. పాత ఇంటి వెనక గోడకి ఆనించి, నిలువెత్తు అద్దాల కిటికీ, కాలు జారని టైల్సు, పట్టుకుని నడవడానికి కమ్మీలు బిగించిన బాత్రూము, కొత్త మంచం, కొత్త ఫ్యాను. అన్నీ ఉన్నాయి. తలుపొక్కటే లేదు.

గదంతా పూర్తిచేసి, ఆఖర్న పాత గోడ కొట్టి తలుపు పెడితే ఇంట్లోకి దుమ్ము రాదన్నది మేస్త్రి పద్ధతి. అందరూ చేసేదే. అన్నాళ్ళూ పనివాళ్ళు కిటికీ కోసం వదిలిన ఖాళీలోంచే వచ్చిపోయారు, మంచం కూడా అటునుంచే వెళ్ళింది. కానీ గోడ కొట్టే రోజొచ్చినప్పుడల్లా బాబాయ్‌కి ఏదో ఒకటి అడ్డొచ్చేది. ఒకరోజు తలనొప్పి. ఒకరోజు గాలి మరీ ఎక్కువగా ఉంది. ఒకరోజు గోడకి చెమ్మ పట్టింది, ఆరనీమన్నాడు. ఈలోగా నిన్న కిటికీ మనిషి తన వంతు వచ్చిందని వచ్చి, అద్దాలూ గ్రిల్లూ బయటినుంచి బిగించేసి, పని బాగా కుదిరిందని మురిసిపోతూ వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆ గదిలోకి చీమకి దారుందేమో గానీ మనిషికి లేదు. మేస్త్రి టిఫిన్ బాక్సు లోపలే ఉండిపోయింది. ఎలక్ట్రీషియన్ సరిచూద్దామని వేసిన ఫ్యాను నిన్నటినుంచి ఎవరూ లేని మంచం మీద తిరుగుతూనే ఉంది, దాని స్విచ్చి కూడా లోపలే. "పోనీ మెయినైనా ఆపనా?" అని భార్య అంటే, "ఆపకు, టెస్టింగులో ఉంది," అన్నాడు బాబాయ్.

వీధిలోవాళ్ళకి ఇదేమీ తెలియదు. పక్క సందులోంచి పోతూ అద్దాల్లోంచి చూసి, గది అదిరిపోయిందనుకున్నారు, అంతే. మేస్త్రి కొట్టమంటారా అని అడిగే గోడ ఇంకేదో అనుకున్నారు.

మరి అన్ని కోతలు కోసే మనిషి ఒక గోడ కోయడానికి ఎందుకు వెనకాడాడంటే, ఆ గోడ సంగతి చెప్పాలి. ముత్తాత కట్టిన గోడ అది, గానుగ సున్నంతో. కట్టి, ఒక మాట అని పోయాడట ఆయన: "ఈ ఇంటి గోడల్లో మేకు దిగిందా, ఇల్లు దిగుతుంది." అంతే, నాలుగు తరాలుగా ఆ ఇంట్లో ఎవరూ గోడకి మేకు కొట్టలేదు. గడియారం స్టూలు మీద కూర్చుంటుంది. క్యాలెండరు కిటికీ ఊచకి వేలాడుతుంది. ముఖం చూసుకునే అద్దం కుర్చీలో ఉంటుంది కాబట్టి ఆ ఇంటి మగవాళ్ళందరూ గడ్డం వంగే గీసుకున్నారు. చుట్టాలొచ్చి చొక్కా విప్పితే ఎక్కడ తగిలించాలో తెలియక భుజాన వేసుకుని తిరగాల్సిందే. చిన్నప్పుడు బాబాయ్ ఒకసారి సుత్తీ మేకూ పట్టుకుని గోడ దగ్గరికి పోతే, ఎప్పుడూ గట్టిగా మాట్లాడని తండ్రి పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి వణికింది. తిట్టి ఉంటే మర్చిపోయేవాడేమో, ఆ వణుకు మాత్రం పిల్లాడికి అంటుకుంది. ఇప్పటికీ వదల్లేదు.

అదీ సంగతి. ఈ భయం బయటికి చెప్పుకోలేడు కాబట్టి కథ చెబుతున్నాడు.

"ముందు పునాది," అన్నాడు. "తవ్వుతుంటే టంగుమంది. గునపం వంగిపోయింది. మట్టి తీసి చూస్తే రాయి. ఎంత రాయనుకున్నారు? ఈ వరండా అంత."

"నిన్న మంచమంత అన్నావు కదా బాబాయ్," అన్నాడు టైలరు.

"నిన్న చెప్పింది కనిపించినంత వరకూ. పనివాళ్ళు చేతులెత్తేశారు. ఏం మేస్త్రీ, అవునా కాదా?"

మేస్త్రి తల నిలువుగా ఊపాలో అడ్డంగా ఊపాలో తేల్చుకోలేక మెడ గోక్కున్నాడు.

"సరే అని నేనే తువ్వాలు నడుముకి బిగించి గోతిలోకి దిగాను. రాయిని బలంతో కదపలేం మాస్టారూ. దాని మనసు కనిపెట్టాలి. చెవి ఆనించి విన్నాను. ఎటు పోవాలనుందో తెలిసింది. అటువైపు ఇదిగో, ఈ చిటికెన వేలితో ఇలా అన్నాను. లేచింది, గట్టెక్కింది, దొర్లుకుంటూ పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?"

"ఊరవతల కొత్త రోడ్డుందే, ఒక్క గతుకు లేకుండా? అది రోడ్డు వాళ్ళు చదును చేశారనుకుంటున్నారా మీరు?"

మందుల షాపాయన నోట్లో టీ ముక్కులోకి పోయింది. అందరూ నవ్వారు. ఆ నవ్వు వింటే బాబాయ్‌కి ఒక్క క్షణం ప్రాణం కుదుటపడింది. మరుక్షణం సందు చివర ఏదో బండి హారను వినిపించి మళ్ళీ లేచి నిలబడ్డాడు. కూరల బండి. కూర్చున్నాడు.

లోపల్నుంచి భార్య టీ గ్లాసుల పళ్ళెంతో వచ్చింది. పళ్ళెం స్టూలు మీద పెట్టి, గొంతు తగ్గించి, "ఏవండీ, ఆస్పత్రినుంచి ఫోనొచ్చింది. వదిన బయల్దేరిందట. మేస్త్రిగారిని లోపలికి రమ్మననా? ఆ అల్మరా కూడా ఇంకా జరపలేదు," అంది.

"వస్తున్నా, వస్తున్నా. ఈ ఒక్క ముక్కా చెప్పి వస్తున్నా."

"మీ ముక్కలు పొద్దున్నుంచీ వింటూనే ఉన్నాను," అని ఆవిడ ఖాళీ గ్లాసులు ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ వెళ్ళడంలోనే కోపమంతా తెలిసింది.

వెళ్ళాలని ఆయనకీ తెలుసు. కానీ కథ ఆపితే సుత్తి ఎత్తాలి. అందుకని కథే ఎత్తుకున్నాడు, ఇంకాస్త గట్టిగా.

"రాయి పోయింది. బాగానే ఉంది. ఇప్పుడు కొత్త పునాది వెళ్ళి పాత పునాది కిందకి దూరాలి. ఎలా? ఇంజనీర్లు వచ్చారు. చూశారు. టోపీలు తీసి చేత్తో పట్టుకున్నారు. 'కుదరదండీ' అన్నారు. 'కుదరకపోవడమేమిటి, ఇల్లు కాస్త పైకెత్తితే సరిపోతుంది కదా' అన్నాను."

"ఇల్లు ఎత్తావా?" అన్నారు మాస్టారు.

"ఎత్తకేం చేస్తాను? నాలుగు లారీ జాకీలు తెప్పించాను. నాలుగు మూలలా పెట్టాను. తిప్పేది నేనొక్కణ్ణే. ఈ మూల ఒక తిప్పు తిప్పి, పరుగెత్తుకెళ్ళి ఆ మూల ఒక తిప్పు, అక్కణ్ణించి ఇంకో మూలకి. ఒక మూల పెరిగి ఒక మూల తగ్గిందా, ఇల్లు ఒలికిపోదూ? లోపల మీ పిన్ని పొయ్యి మీద పాలు పెట్టింది. గిన్నెలో పాల మీద మీగడ ముడత పడలేదంటే నమ్మండి!"

"పిన్నికి తెలియలేదా?"

"పాలు కాగాక గుమ్మంలోకొచ్చి కాలు కింద పెట్టబోతే మెట్లు లేవు. మెట్లు కింద ఉన్నాయి, గుమ్మం పైనుంది. 'మెట్లేవండీ?' అంది. 'కాసేపు లోపలే ఉండు, ఇల్లు దించుతాను' అన్నాను. అలాగేనని వెళ్ళి పాలు తోడుపెట్టుకుంది. ఆవిడకి నా సంగతి తెలుసు."

వంటింట్లో గిన్నె ఒకటి కావాలని పడేసినట్టు పెద్ద చప్పుడైంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు బాబాయ్, ఆ చప్పుడు మీద నుంచి. "ఇన్నేళ్ళు ఒక్కచోటే కూర్చున్న ఇల్లు. దానికి మాత్రం కాళ్ళు తిమ్మిరెక్కవూ? అలా నేల వదిలేసరికి హాయిగా అనిపించింది కాబోలు. ఇంతలో గాలి ఒకటి వీచింది. కదిలిందండీ! మెల్లిగా గేటు దాటింది, వీధి దాటింది, వీడి షాపు పైకొచ్చి నిలబడింది."

"నా షాపు పైకా? నేను చూడలేదే!" అన్నాడు టైలరు.

"నువ్వెప్పుడు తలెత్తి చూశావు గనక? మొన్న మధ్యాహ్నం నీ మిషను మీద నీడ పడిందా లేదా?"

టైలరు ఆలోచించాడు. "మబ్బు పట్టిందనుకున్నాను."

"అదే మా ఇల్లు. నేను బట్టలారేసే తాడు విప్పి, ఒక కొస వరండా స్తంభానికి విసిరి, ఇంకో కొస నా నడుముకి కట్టుకుని, 'రావే తల్లీ, నీకింకా వయసనుకుంటున్నావా' అని బుజ్జగిస్తూ లాక్కొచ్చి ఎక్కడిదక్కడ దించాను."

"సరిగ్గా అదే చోట దించావా?" మాస్టారు లెక్కల మనిషి, అలాంటివి వదలరు.

"అబద్ధమెందుకు, ఒక వేలెడు పక్కకి పడింది. అందుకే మా గేటు సరిగా పడదు."

"ఆ గేటు మీ నాన్నగారి రోజులనుంచీ పడదు కదటోయ్."

"అప్పుడు పడకపోవడానికి కారణం వేరు, ఇప్పుడు పడకపోవడానికి కారణం వేరు."

టైలరు స్టూలు మీంచి పడబోయాడు. మందుల షాపాయన తొడ చరుచుకుంటూ, "ఇంక గోడ సంగతి చెప్పండి బాబాయ్‌గారూ. అంత లావు గోడకి తలుపెలా పెట్టారు?" అన్నాడు.

ఆ మాటతో బాబాయ్ గుండెలో రాయి పడింది. ఇందాకటి రాయి కాదు, నిజం రాయి. ఆయన గేటు వైపు చూడడం మానేసి, వీధికి వీపు పెట్టి నిలబడ్డాడు. మేస్త్రి కళ్ళలో మాత్రం పడకుండా చూసుకున్నాడు.

"గోడ," అన్నాడు. "గోడ అంటే అది మామూలు గోడా? డ్రిల్లింగు మిషను పెడితే మిషను వేడెక్కి మైనంలా కారిపోయింది. జేసీబీ తెప్పిస్తే దాని పళ్ళు రాలాయి, డ్రైవరు దాని మూతి నిమురుతూ ఏడ్చాడు. అప్పుడు నేను అందర్నీ దూరంగా నిలబడమని సుత్తి ఎత్తాను."

గాల్లోకి ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. అందరూ ఆ చేతినే చూస్తున్నారు.

"ఒక్కటే దెబ్బ. గోడ నోరు తెరిచింది. లోపలికి అడుగుపెట్టాను. మందం ఎంతుంటుందనుకున్నారు? నడుస్తున్నాను, నడుస్తున్నాను, అవతలి వైపు రాదే! పొద్దెక్కింది. ఒక ఇటుక మీద కూర్చుని అన్నం తిని, మళ్ళీ బయల్దేరాను. నా వెనక గుమ్మం చుక్కంత అయిపోయింది. చల్లగా ఉంది లోపల. సున్నం వాసన. ఎక్కడో దూరంగా గానుగ తిరుగుతున్న చప్పుడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" ఈసారి టైలరు గొంతు కూడా తగ్గింది.

"అక్కడ మనుషులున్నారు. ఆ గోడ కట్టిన మేస్త్రీలు. గానుగ తిప్పుతూనే ఉన్నారు, గోడకి నీళ్ళు కొడుతూనే ఉన్నారు. 'ఇంకా ఇక్కడే ఉన్నారేమిటయ్యా? గోడ ఎప్పుడో ఆరిపోయింది, ఇళ్ళకి పొండి,' అన్నాను. 'ఎలా పోతాం బాబూ? మీ ముత్తాతగారు చాలు అనలేదుగా' అన్నారు. ఆయనేరీ అంటే చూపించారు. పీట మీద కూర్చుని ఉన్నాడు. అచ్చం ఫొటోలో ఉన్నట్టే. నన్ను చూసి, ఎవరి పిల్లాడివిరా అని అడిగాడు. చెప్పాను. అక్క సంగతి కూడా చెప్పాను. ఇలా పడిందీ, మెట్లెక్కలేదూ, ఒక్క తలుపు పెట్టుకుంటానూ, అని అడిగాను."

ఇదివరకటి ముక్కలకి నవ్వినవాళ్ళు దీనికి నవ్వలేదు. ఎందుకో వాళ్ళకే తెలియదు.

"అడిగితే ఏమన్నాడు బాబాయ్?" అన్నాడు టైలరు.

బాబాయ్ నోరు తెరిచాడు. ఇళ్ళని ఎగరేసిన నోరు, రాళ్ళని దొర్లించిన నోరు, ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. 'కానియ్యరా' అన్నాడని చెబితే పోయేది. ఒక్క మాట. చెప్పలేకపోయాడు. మిగతావన్నీ సరదాకి చెప్పాడు గానీ ఇది మాత్రం ఆయనకి నిజంగా కావాలి.

"ఆయనేమన్నాడో తర్వాత చూద్దాం గానీ, నేనెటునుంచి వెళ్ళాలిరా లోపలికి?"

బాబాయ్ గిరుక్కున తిరిగాడు. పొద్దున్నుంచి గేటుకేసి చూసిన మనిషి కథలో పడి చూడడం మానేసిన ఆ కాస్త సేపట్లోనే బండి వచ్చి ఆగింది. గేటు దగ్గర అక్క, నాలుగు కాళ్ళ వాకరు రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది. వెనక డ్రైవరు ఆవిడ సంచీ పట్టుకుని ఉన్నాడు.

"అక్కా! ఇంత తొందరగా..."

"తొందరేముంది? నువ్వు గోడలోకి అడుగుపెట్టినప్పటినుంచీ ఇక్కడే ఉన్నాను. వచ్చేటప్పుడు పక్క సందులోంచి పోనిమ్మన్నాను, నా గది చూసుకుందామని. మంచం బాగుంది. ఫ్యాను బ్రహ్మాండంగా తిరుగుతోంది. ఇటు చూశాను, అటు చూశాను. గదికి తలుపేదిరా?"

"తలుపు లేదా?" అన్నారు మాస్టారు, పేపరు చంకలోంచి జారిపోతుంటే.

"నా టిఫిన్ బాక్సు కూడా లోపలే ఉందండీ," అన్నాడు మేస్త్రి, ఇన్నాళ్ళకి ఒక ఆసరా దొరికినవాడిలా.

వరండా వరండా అంతా ఒక్కసారి పగలబడి నవ్వింది. టైలరు స్టూలు మీంచి నిజంగానే కింద పడ్డాడు. "గోడలో రోజంతా నడిచాడు, బయటికి రావడానికి దారి మర్చిపోయాడు!" అన్నాడు మందుల షాపాయన కళ్ళు తుడుచుకుంటూ. లోపల్నుంచి పరుగున వచ్చిన భార్య వదిన చెయ్యి పట్టుకుని, "మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు అంటారు వదినా. ఈయనకి దాటడానికి గడపే లేదు," అంది. నవ్వుతూనే అంది గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బాబాయ్‌కి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎంతమంది నవ్వినా ఆయనకెప్పుడూ నొప్పి పుట్టలేదు, ఎందుకంటే ఎప్పుడూ నవ్వించింది తనే. ఇవాళ తను నవ్వించలేదు.

మాస్టారు కుర్చీ ఇచ్చారు. అక్క మెల్లిగా, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చి కూర్చుంది. ఊపిరి తీసుకుని తమ్ముడి వైపు చూసింది. ఆ చూపులో వెక్కిరింత లేదు.

"గోడ కొట్టలేనంటే చెప్పెయ్యరా. నాకు కోపం లేదు. బండి ఇంకా వెళ్ళలేదు. హోములో మంచం సాయంత్రం దాకా ఆపుతారు."

"అది కాదక్కా." అన్నాడు బాబాయ్. "కొడితే ఇల్లు... నాన్న ఎలా వణికాడో నాకు తెలుసు. ఇల్లు పడిపోతే నువ్వెక్కడుంటావు?"

"పడకుండా అలాగే ఉంటే మాత్రం నేనెక్కడుంటానురా?"

బాబాయ్ మేస్త్రి పక్కనున్న సుత్తి వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

అక్క కుర్చీలోంచి లేస్తూ, "వెనక గదిలో అల్మరా జరపండి," అంది.

నలుగురూ కలిసి జరిపారు. దాని వెనకే మేస్త్రి తలుపు కోసం గుర్తు పెట్టాల్సిన చోటు. ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్ము, బూజు. మందుల షాపాయన తుమ్మాడు. బూజు దులిపాక, నడుమెత్తున, ఒక మేకు కనిపించింది. తుప్పు పట్టి ఉంది. సగం దాకా గోడలోకి దిగి, కాస్త వంకరగా.

బాబాయ్ దాన్ని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. పై కప్పు వైపు చూశాడు. మళ్ళీ మేకు వైపు చూశాడు.

"ఎవరు కొట్టారు?"

"నేనే," అంది అక్క, గుమ్మం దగ్గర వాకరు మీద వాలి. "లంగా ఓణీ కట్టే రోజుల్లో. అల్మరా వెనక సందులో దూరి కొట్టాను."

"ఎందుకు? ఏం తగిలించడానికి?"

"ఏమీ తగిలించడానికి కాదు. ఇల్లు పడుతుందో లేదో చూద్దామని. రోజంతా పెరట్లో కూర్చుని చూశాను. పడలేదు. చాలా నిరుత్సాహపడ్డాననుకో."

"నాకెందుకు చెప్పలేదే?" చిన్నపిల్లాడిలా అడిగాడు. "ఇన్నేళ్ళు! ఇన్నేళ్ళు నేను ఈ గోడకి ఒళ్ళు తగలకుండా నడిచానక్కా!"

"నీకు చెబితే ఊరుకునేవాడివా? సాయంత్రానికి వీధిలో అందరికీ తెలిసేది. అదీ ఒక మేకు కాదు, వెయ్యి మేకులు, అన్నీ నువ్వే కొట్టావని. నాన్న నన్ను చంపేసేవాడు."

వెనక నిలబడ్డవాళ్ళు మళ్ళీ నవ్వారు. ఈసారి బాబాయ్ కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ముఖం అటు తిప్పుకున్నాడు.

"సుత్తి ఇటివ్వు మేస్త్రీ."

"ముందు పైగోడ కూలకుండా దన్ను కర్రలు పెట్టనివ్వండి బాబుగారూ."

కర్రలు పెట్టడం అయ్యేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడు. గేటు దగ్గరికి పోలేదు, టీ అడగలేదు. మేస్త్రి ఇక కొట్టమన్నాక సుత్తి ఎత్తాడు. చెయ్యి వణికింది. చిన్నప్పటి వణుకే. దించబోయాడు.

"నా మేకు మీదే కొట్టు," అంది అక్క. "అంతవరకూ నేను ముందే కొట్టాను. మిగతా సగం నువ్వు కొట్టు."

కొట్టాడు.

మేకు గోడలోకి దిగిపోయింది. పెచ్చు ఒకటి ఊడి కాళ్ళ దగ్గర పడింది. హాల్లో స్టూలు మీది గడియారం టిక్కుటిక్కుమంటూనే ఉంది. అందరూ కప్పుకేసి చూస్తున్నారు. కప్పు కదల్లేదు. దూలం మీది బల్లి మాత్రం కాస్త పక్కకి జరిగింది.

అక్క వెనక్కి తిరిగి, "బాబూ, ఆ సంచీ లోపల పెట్టి నువ్వెళ్ళు. హోముకి నేను ఫోన్ చేసి చెబుతాను," అంది డ్రైవరుతో.

"తలుపు నిలబెట్టేసరికి రెండు రోజులు పడుతుందండీ," అన్నాడు మేస్త్రి.

"పట్టనీ. హాల్లో పడుకుంటాను. ఎలాగో సర్దుకుంటాను."

మేస్త్రి ఎక్కడ కొట్టమంటే అక్కడ, ఎంత కొట్టమంటే అంత కొట్టాడు బాబాయ్. మేస్త్రి ఒకవైపు, తనొకవైపు. మధ్యలో భార్య వచ్చి చాలు, కూర్చోండి అన్నా కూర్చోలేదు. జుట్టూ మీసాలూ సున్నంతో తెల్లబడ్డాయి. కథ మధ్యలో తెగిపోయినా వినేవాళ్ళు ఇళ్ళకి పోకుండా వరండాలోనే ఉన్నారు. పొద్దు వాలుతుండగా ఒక ఇటుక లోపలికి జారి, అవతలి గదిలో టైల్సు మీద టప్పున పడింది. గోడలో పిడికిలంత కన్నం. అందులోంచి ఫుస్సున సున్నం దుమ్ము ఎగిరి ఆయన ముఖాన పడింది.

"నా బాక్సు కనిపిస్తోంది!" అన్నాడు మేస్త్రి, కన్నంలోంచి తొంగిచూసి.

చప్పుడు ఆగిపోయేసరికి వరండాలోంచి టైలరు అరిచాడు. "బాబాయ్! ఆ తర్వాత ఏమైంది?"

బాబాయ్ కన్నం ముందు అరచెయ్యి పెట్టి నిలబడి ఉన్నాడు. వెనక కుర్చీలో కూర్చున్న అక్క తెల్ల జుట్టు నుదుటి మీద కొద్దికొద్దిగా కదులుతోంది. నిన్నటినుంచి ఎవరికోసమో తిరుగుతున్న ఆ ఫ్యాను గాలి మొదటిసారి పాత ఇంట్లోకి వస్తోంది.

"ఏమీ కాలేదు," అన్నాడు బాబాయ్. "గాలొస్తోంది."

టైలరు ఇంకా ఉందేమోనని కాసేపు ఆగాడు.

"అంతేనా?"

"అంతే."